అన్‌నోన్ బ్లాక్ (0,0) వస్తే డిస్క్‌ని అనుమానించకు, ఇనిట్‌ఆర్‌డీ ఎక్కడ ఆగిందో చూడు

తమ్ముడూ, రేపు లాప్‌టాప్ ఫార్మాట్ చేసేస్తానన్నావు. ఆగు. నీ డిస్క్‌కి ఏమీ కాలేదు, అందులో ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కెర్నల్‌ని, అంటే లైనక్స్ మూల ప్రోగ్రాముని, నాలుగోసారి కంపైల్ చేయాల్సిన పని కూడా లేదు.

నువ్వు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి. కావలిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఉబుంటు 24.04 అనే లైనక్స్ ఉన్న లాప్‌టాప్, ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ డిస్క్. 6.12 కెర్నల్ సోర్స్ దించుకున్నావు. పాత కెర్నల్ కాన్ఫిగ్‌ని (ఏ ఆప్షన్లు ఉండాలో చెప్పే ఫైలుని) కాపీ చేసి 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' కొట్టి, ఐదు గంటలు కంపైల్ చేశావు. తర్వాత 'మేక్ ఇన్‌స్టాల్', ఆ తర్వాత 'మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్'. రీబూట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది. ఎవరో చెబితే పాత కెర్నల్‌లోకి వెళ్లి 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' నడిపావు. ఈసారి కెర్నల్ ప్యానిక్ (ముందుకు పోలేక కెర్నల్ ఆగిపోవడం), అన్‌నోన్ బ్లాక్ (0,0). రెండుసార్లు మళ్లీ కంపైల్ చేసినా అదే తీరు. డిస్క్ పోయిందా, ఏ డ్రైవర్ తప్పింది, అసలు ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే ఫైళ్ల చిన్న మూట) లేకుండా బూట్ చేయలేమా అని అడిగావు.

"రెండుసార్లూ ఒకటే ఎర్రర్" అని రాశావు చూడు, అక్కడే దారి తప్పావు. అవి రెండూ వేర్వేరు తప్పులు. మొదటిది ఒక చోట జరిగింది, దాన్ని సరిచేయబోతే రెండోది ఇంకో చోట పుట్టింది. ఏది ఎక్కడ జరిగిందో చూడటం వస్తే ఇలాంటివి పది నిమిషాల పని. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇంటి తాళంచెవి బీరువాలో పెట్టి బయట తాళం వేసుకొచ్చామనుకో, లోపలికి ఎలా పోతాం? కెర్నల్ పరిస్థితి అదే. డిస్క్ చదవాలంటే డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ మాడ్యూల్‌గా, అంటే విడి ఫైలుగా, డిస్క్ లోపలే, 'లిబ్ మాడ్యూల్స్' ఫోల్డర్‌లో ఉంది. ఈ ముడి విప్పడానికే ఇనిట్‌ఆర్‌డీ. గ్రబ్ అనే బూట్ లోడర్ యూఈఎఫ్‌ఐ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్) సాయంతో డిస్క్ చదవగలదు కాబట్టి, కెర్నల్‌ని, దానితోపాటు ఈ చిన్న మూటని రెండింటినీ మెమరీలోకి తెచ్చి పెడుతుంది. కెర్నల్ ఆ మూట విప్పి, అందులో ఉన్న 'ఇనిట్' అనే స్క్రిప్టుని నడుపుతుంది. ఆ స్క్రిప్టు డిస్క్ డ్రైవర్ ఎక్కించి, అసలు రూట్ పార్టిషన్‌ని (ఉబుంటు ఉన్న డిస్క్ భాగాన్ని) మౌంట్ చేసి, అంటే వాడకానికి తెరిచి, పగ్గాలు మిగతా సిస్టమ్‌ని నడిపే సిస్టమ్‌డీకి ఇచ్చి తప్పుకుంటుంది.

పేరు దగ్గర ఒక గందరగోళం ఉంది. పాతకాలంలో ఇనిట్‌ఆర్‌డీ అంటే నిజంగానే మెమరీలో ఒక డిస్క్‌లాగా ఉండే ఇమేజ్. 2.6 కెర్నల్ నుంచి దాని స్థానంలోకి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ వచ్చింది. ఇది డిస్క్ ఇమేజ్ కాదు, సీపీఐఓ ఆర్కైవ్, అంటే ఫైళ్లన్నీ కలిపి కట్టిన ఒక ఫైలు. మెమరీలో ఫైళ్లుగా విప్పుకుంటుంది, అంతే. కానీ బూట్ ఫోల్డర్‌లో ఫైలుకి మాత్రం ఇప్పటికీ ఇనిట్‌ఆర్‌డీ అనే పేరే ఉంది. నేనూ రెండు పేర్లూ కలిపి వాడుతుంటాను, పట్టించుకోకు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ప్రయాణంలో మూడు చేతులు మారతాయి: గ్రబ్ నుంచి కెర్నల్‌కి, కెర్నల్ నుంచి ఇనిట్ స్క్రిప్టుకి, ఇనిట్ నుంచి అసలు రూట్‌కి. మొదటి రెండూ జరిగాయా లేదా అన్నది కెర్నల్ తన లాగ్‌లో తానే చెప్పేస్తుంది. గ్రబ్ మెనూలో నీ కొత్త కెర్నల్ మీద ఉండి 'ఇ' నొక్కు. లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఉన్న 'క్వైట్ స్ప్లాష్' అనే రెండు మాటలు తీసేసి ఎఫ్10 నొక్కు. ఇప్పుడు లాగ్ అంతా స్క్రీన్ మీద పరుగెత్తుతుంది. ఫోన్‌తో స్లో మోషన్ వీడియో తీసుకో. అందులో మూడు లైన్లు వెతకాలి. మొదటిది "ట్రయింగ్ టు అన్‌ప్యాక్ రూట్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ యాజ్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్". ఇది కనిపిస్తే గ్రబ్ మూటని కెర్నల్ చేతిలో పెట్టినట్టు. రెండోది "ఫ్రీయింగ్ ఇనిట్‌ఆర్‌డీ మెమరీ", పక్కన కిలోబైట్లలో సైజు. మూడోది "రన్ స్లాష్ ఇనిట్ యాజ్ ఇనిట్ ప్రాసెస్". ఇది కనిపించిందంటే మూట విప్పుకుంది, స్క్రిప్టు దొరికింది. ఆ తర్వాత వచ్చే తప్పు ఎక్కువగా ఇనిట్‌ఆర్‌డీ లోపలి సరుకుదే.

నీ మొదటి తప్పుని దీనితో కొలుద్దాం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ వచ్చిందంటే అది బిజీబాక్స్ (చిన్న కమాండ్లన్నీ ఒకే ప్రోగ్రాములో ఉండే టూల్) షెల్. ఆ షెల్ ఉన్నదే మూట లోపల. అంటే మూట వచ్చింది, విప్పుకుంది, ఇనిట్ నడిచింది, రూట్ డిస్క్ కోసం ఎదురుచూసి, దొరక్క నీ చేతికి షెల్ ఇచ్చింది. ఎందుకు దొరకలేదు? నువ్వు ముందు 'మేక్ ఇన్‌స్టాల్' కొట్టావు. ఉబుంటులో ఆ కమాండ్ కెర్నల్‌ని బూట్ ఫోల్డర్‌లో పెట్టి, వెంటనే ఇనిట్‌ఆర్‌డీ కూడా తయారు చేయిస్తుంది. ఆ క్షణానికి కొత్త వెర్షన్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఇంకా లేదు. డ్రైవర్లు లేని ఖాళీ మూట తయారైంది. అప్పుడు స్క్రీన్ మీద 'లిబ్ మాడ్యూల్స్' కనిపించడం లేదని హెచ్చరిక కూడా వచ్చి ఉంటుంది, మిగతా లైన్లలో పడి నీ కంట పడి ఉండదు. మాడ్యూల్స్ ముందు, ఇన్‌స్టాల్ తర్వాత. ఈ వరస మారకూడదు.

ఆ ప్రాంప్ట్‌ని చూసి భయపడి పవర్ బటన్ నొక్కేస్తుంటారు చాలామంది. నిజానికి అక్కడ దొరికినంత సమాచారం ఇంకెక్కడా దొరకదు. నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూపే 'యూనేమ్ -ఆర్' కొట్టి, 'లిబ్ మాడ్యూల్స్' లోపల ఫోల్డర్ పేరుతో అక్షరం అక్షరం పోల్చు. గిట్ నుంచి తెచ్చిన సోర్స్ అయితే వెర్షన్ చివర ఒక ప్లస్ గుర్తు చేరవచ్చు. ఆ ఒక్క గుర్తు తేడా ఉన్నా మాడ్యూల్స్‌ని ఎక్కించే మోడ్‌ప్రోబ్‌కి ఏ మాడ్యూలూ దొరకదు. బీజెడ్‌ఇమేజ్ (కంపైల్ అయిన కెర్నల్) ఫైలుని చేత్తో కాపీ చేసి పాత పేరు పెట్టేవాళ్లకి కచ్చితంగా వచ్చే తంటా ఇది. తర్వాత డిస్క్ పార్టిషన్లు చూపే 'బీఎల్‌కేఐడీ' కొట్టు. ఏమీ రాకపోతే డ్రైవర్ లేదు. 'మోడ్‌ప్రోబ్ ఎన్‌వీఎంఈ' కొట్టి మళ్లీ చూడు. ఈసారి పార్టిషన్లు కనిపిస్తే 'ఎగ్జిట్' కొడితే చాలు, బూట్ ముందుకు పోతుంది. బీఎల్‌కేఐడీలో పార్టిషన్ కనిపిస్తూనే ఉండి కూడా ఆగిందంటే, 'ప్రాక్ సీఎండీలైన్' ఫైలులో (గ్రబ్ కెర్నల్‌కి ఇచ్చిన ఆప్షన్లు) ఉన్న యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య, బీఎల్‌కేఐడీ ఆ పార్టిషన్‌కి చూపే యూయూఐడీ ఒకటేనా చూడు.

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్‌లలో ఇంకో మెలిక ఉంటుంది. వాటిల్లో చాలావరకు ఎన్‌వీఎంఈ డిస్క్ నేరుగా కనిపించదు, వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. 'ఎన్‌వీఎంఈ' మాడ్యూల్ ఎక్కినా డిస్క్ కనిపించకపోతే 'మోడ్‌ప్రోబ్ వీఎండీ' ప్రయత్నించు. పని చేస్తే కాన్ఫిగ్‌లో అది ఉందో లేదో చూసుకుని, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ ఫోల్డర్‌లో మాడ్యూల్స్ అనే ఫైలుకి ఒక లైన్‌గా చేర్చు.

రెండో తప్పుకి వద్దాం. పాత కెర్నల్‌లోకి వెళ్లి ఇనిట్‌ఆర్‌డీ మళ్లీ చేయించావు. ఆలోచన సరైనదే. కానీ నువ్వు పెట్టిన లిస్టింగ్‌లో ఆ ఫైలు సైజు చూడు: 840 మెగాబైట్లు. పక్కనే ఉబుంటు వాళ్ల సొంత కెర్నల్‌ది అందులో పదోవంతు కూడా లేదు. ఉబుంటు కాన్ఫిగ్ కాపీ చేసినప్పుడు డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి పనికొచ్చే అదనపు డేటా) కూడా ఆన్ అయి వస్తుంది. ఉబుంటు వాళ్లు ప్యాకేజీ చేసేటప్పుడు దాన్ని మాడ్యూల్స్ నుంచి తీసేస్తారు. నువ్వు తీయలేదు. ప్రతి మాడ్యూలూ ఉబ్బిపోయి, అవన్నీ మూటలో చేరాయి. అంత పెద్ద ఫైలుని మెమరీలోకి తేవడం కొన్ని మెషిన్లలో గ్రబ్ వల్ల కాదు. "అవుట్ ఆఫ్ మెమరీ, ప్రెస్ ఎనీ కీ" అని ఒక్క లైన్ వేసి, ఏదో కీ నొక్కగానే మూట లేకుండా కెర్నల్‌ని ఒక్కదాన్నే పంపేస్తుంది. నీ మూడో ఫొటోలో పైన సగం కోసుకుపోయిన లైన్ అదే. ప్యానిక్‌కి కారణం ఆ లైనే, కింద ఉన్న పేజీడు అక్షరాలు దాని ఫలితం.

ఆ అంకెల అర్థం కూడా చెప్తాను, ముందుముందు పనికొస్తుంది. బ్రాకెట్లో మొదటి అంకె డిస్క్ రకం, రెండోది పార్టిషన్‌కి సంబంధించింది. (0,0) అంటే రూట్ డిస్క్ ఏదో కెర్నల్‌కి తెలియలేదు. మన లాప్‌టాప్‌లలో ఇది వస్తే ముందుగా అనుమానించాల్సింది ఇనిట్‌ఆర్‌డీ చేరకపోవడాన్నే. ఎందుకంటే రూట్ ఈక్వల్స్ యూయూఐడీ అని రాసినదాన్ని అర్థం చేసుకునేది ఇనిట్ స్క్రిప్టు, కెర్నల్ కాదు. అదే 8తో మొదలైతే సాటా లేదా యూఎస్‌బీ డిస్క్, 179 అయితే ఎస్‌డీ కార్డు, 259 అయితే ఎన్‌వీఎంఈ. అలాంటి అంకె కనిపించిందంటే సాధారణంగా డిస్క్ కనిపించింది, దాని మీది ఫైల్‌సిస్టమ్‌ని చదవడమే రాలేదు, ఈఎక్స్‌టీ4 లాంటిది కాన్ఫిగ్‌లో తప్పిందేమో చూడాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ అవ్వు. సోర్స్ ఫోల్డర్‌లో 'మేక్ కెర్నల్‌రిలీజ్' కొట్టి అసలు వెర్షన్ పేరు రాసి పెట్టుకో. 'సుడో మేక్ ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 మాడ్యూల్స్_ఇన్‌స్టాల్' కొట్టు. ఆ స్ట్రిప్ అన్న మాటే డీబగ్ సమాచారాన్ని తీసేస్తుంది. తర్వాత 'సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే' అని, ఇందాక రాసుకున్న పేరు ఇవ్వు. 'కే' లేకుండా కొడితే అది వేరే వెర్షన్‌ని పట్టుకోవచ్చు, కాబట్టి వదలకు. చివర 'సుడో అప్‌డేట్-గ్రబ్'. కంపైల్ మళ్లీ అక్కర్లేదు. నువ్వు ఐదు గంటలు కష్టపడి చేసిన కెర్నల్ మొదటి రోజు నుంచీ బాగానే ఉంది.

ముందుముందు మాత్రం ఈ రెండు ఇన్‌స్టాల్ కమాండ్లూ మానేసి 'మేక్ బిన్‌డెబ్-పీకేజీ' వాడు. డెబ్ ప్యాకేజీలు తయారవుతాయి, డీపీకేజీతో వేసుకోవచ్చు. వరస అదే చూసుకుంటుంది, డీబగ్ సరుకుని వేరే ప్యాకేజీలోకి తోసేస్తుంది, వద్దనుకుంటే శుభ్రంగా తీసేయొచ్చు. బూట్ వేరే పార్టిషన్ అయితే దాని ఖాళీ కూడా 'డీఎఫ్ -హెచ్'తో చూసుకో. చోటు చాలక ఇనిట్‌ఆర్‌డీ తయారుకాకపోయినా, ఆ ఎర్రర్ చదవకుండా రీబూట్ చేసేవాళ్లు ఎక్కువ.

రీబూట్ చేయకముందే పరీక్షించే పద్ధతి ఒకటుంది. దీన్ని నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. నెల్లూరులో మా చిన్న షాపులో రొయ్యల గుంటలకి ఆక్సిజన్ చూసే పెట్టెలు తయారు చేస్తాం. లోపల చిన్న కంప్యూటర్, లైనక్స్. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, అప్పుడు అలారం మోగితే రైతు లేచి ఏరియేటర్లు వేసుకుంటాడు. ఒకసారి కొత్త కెర్నల్ చేసి, షాపులో ఒక పెట్టెలో బాగా నడిచాక, ఆ డిస్క్‌నే మిగతా వాటికి కాపీ చేసి ఇందుకూరుపేట వైపు గుంటల దగ్గర పెట్టి వచ్చాను. రాత్రి కరెంటు పోయి వచ్చింది. రీబూట్ అయిన పెట్టెల్లో రెండు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర నిలబడిపోయాయి. రైతు తనంతట తానే నిద్ర లేచి చూసుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఆ గుంటలో పంట మొత్తం పోయేది. ఆ రాత్రి బండేసుకుని పోతుంటే నా గుండె ఎలా కొట్టుకుందో నాకింకా గుర్తుంది.

కారణం ఒక్క మాట. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ డాట్ కాన్ఫ్ ఫైలులో మాడ్యూల్స్ ఈక్వల్స్ అన్నచోట 'మోస్ట్' తీసేసి 'డెప్' పెట్టాను, సైజు తగ్గుతుందని. డెప్ అంటే ఈ మెషిన్‌కి ఏ డ్రైవర్లు కావాలో అవే పెడుతుంది. షాపులో పెట్టెకి ఒక డిస్క్ కంట్రోలర్, ఆ రెండింటికి ఇంకోటి. షాపులో ఉన్నదాని తాళంచెవే మూటలో ఉంది. డిస్క్ ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి మారే అవకాశం ఉంటే 'మోస్ట్' తప్ప వేరే పెట్టకు. 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' దగ్గరా ఇదే జాగ్రత్త. అది ఆ నిమిషంలో లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్‌నే ఉంచుతుంది. కంపైల్ టైము బాగా తగ్గుతుంది, నీ ఐదు గంటలు చాలా తక్కువకి దిగుతాయి. కానీ ఆ సమయానికి పెట్టని పెన్‌డ్రైవ్, ప్రింటర్, వైఫై డాంగిల్ ఏవీ రేపు పని చేయవు. అన్నీ తగిలించి, ఒకసారి వాడి, అప్పుడు ఆ కమాండ్ కొట్టాలి.

ఇక ఆ పరీక్ష. క్యూఎము (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే టూల్) ఇన్‌స్టాల్ చేసుకుని, బూట్ ఫోల్డర్‌లో ఉన్న కొత్త కెర్నల్‌ని 'కెర్నల్' ఆప్షన్‌తో, ఇనిట్‌ఆర్‌డీని 'ఇనిట్‌ఆర్‌డీ' ఆప్షన్‌తో ఇవ్వు. కెర్నల్‌కి ఆప్షన్లు ఇచ్చే అపెండ్‌లో 'కన్సోల్=టీటీవైఎస్0', దానికి తోడు 'నోగ్రాఫిక్', మెమరీ రెండు జీబీ. ఉబుంటులో కెర్నల్ ఫైలుని రూట్ యూజర్ మాత్రమే చదవగలిగేలా ఉండొచ్చు కాబట్టి సుడో పెట్టు. మెమరీ తక్కువ ఇస్తే మూట విప్పుకోవడానికి చోటు చాలక "రైట్ ఎర్రర్" వస్తుంది, అది చూసి కంగారు పడకు. డిస్క్ ఏదీ ఇవ్వడం లేదు కాబట్టి ఈ పరీక్ష చివరికి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గరే ఆగాలి. అక్కడికి వచ్చిందంటే మూట మంచిదే, కెర్నల్‌కి దాన్ని విప్పడం వచ్చు, ఇనిట్ నడుస్తోంది. గ్రబ్ ఎంత సైజు మోయగలదో మాత్రం క్యూఎము చెప్పలేదు, దానికి ఫైలు సైజు చూసుకోవడమే. మూట లోపల డ్రైవర్ ఉందో లేదో లోపలి ఫైళ్ల జాబితా చూపే 'ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' కొట్టి ఎన్‌వీఎంఈ, వీఎండీ అని గ్రెప్‌తో వెతికితే తెలిసిపోతుంది. ఉత్త సీపీఐఓతో తెరవకు, ముందు ప్రాసెసర్ మైక్రోకోడ్ ముక్క ఒకటి అతికించి ఉంటుంది, అదొక్కటే కనిపించి మిగతాదంతా ఖాళీ అనిపిస్తుంది.

క్యూఎములోనూ ప్యానిక్ అయితే ఒక్కసారి కాన్ఫిగ్ చూడు. ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్‌తో వచ్చినవాళ్లకి ఇది అరుదు. మెనూకాన్ఫిగ్ అనే ఆప్షన్ల మెనూలో చేతికొచ్చినవన్నీ తీసేసినవాళ్లకే వస్తుంది. 'బీఎల్‌కే_డెవ్_ఇనిట్‌ఆర్‌డీ' (ఇనిట్‌ఆర్‌డీ వాడే సదుపాయం) ఉండాలి. ఇనిట్‌ఆర్‌డీని ఏ పద్ధతిలో కుదించారో అది విప్పే ఆప్షన్ ఉండాలి. ఉబుంటు 24.04 జెడ్‌స్టాండర్డ్ వాడుతుంది, కాబట్టి 'ఆర్‌డీ_జెడ్‌ఎస్‌టీడీ'. లేకపోతే "కంప్రెషన్ మెథడ్ నాట్ కాన్ఫిగర్డ్" అని పైన ఎక్కడో చెప్పి, కింద మళ్లీ అదే (0,0) దగ్గర పడిపోతుంది. 'డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్' (డివైజ్ ఫైళ్లని కెర్నలే తయారుచేసే సదుపాయం) ఉండాలి. 'బిన్‌ఎఫ్‌ఎంటీ_స్క్రిప్ట్' కూడా ఉండాలి, ఇది ఎవరికీ గుర్తుండదు. ఉబుంటు ఇనిట్ అనేది షెల్ స్క్రిప్టు, ఆ ఆప్షన్ లేకపోతే కెర్నల్‌కి స్క్రిప్టు నడపడం రాదు, ఎర్రర్ -8 వస్తుంది.

నీ ఫ్రెండ్ బిజీబాక్స్‌తో సొంతంగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ చేస్తున్నాడని, అతనికీ (0,0) వస్తోందని రాశావు. అతన్ని ఆ ఫోల్డర్ లోపలికి వెళ్లి ఫైండ్, సీపీఐఓ కొట్టమను. బయట నుంచి కొడితే ఇనిట్ ఫైలు మూటలో ఒక ఫోల్డర్ కిందకి పోతుంది. పై స్థాయిలో ఇనిట్ కనిపించకపోతే కెర్నల్ ఆ మూటని పక్కన పెట్టి, తానే రూట్ మౌంట్ చేయబోయి ప్యానిక్ అవుతుంది. సీపీఐఓ ఫార్మాట్ 'న్యూసీ' అయి ఉండాలి. ఇనిట్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి. ఫైలు కళ్లెదుట ఉన్నా ఎర్రర్ -2 వస్తోందంటే సాధారణంగా బిజీబాక్స్ స్టాటిక్‌గా (లైబ్రరీలన్నీ తన లోపలే ఉండేలా) కంపైల్ కాలేదు, దానికి కావాల్సిన లైబ్రరీ లోడర్ మూటలో లేదు.

ఇనిట్‌ఆర్‌డీ లేకుండా బూట్ చేయొచ్చా అన్నావు. చేయొచ్చు. ఎన్‌వీఎంఈ, ఈఎక్స్‌టీ4, నీ మెషిన్‌లో వీఎండీ ఉంటే అదీ, అన్నీ మాడ్యూల్‌గా కాకుండా కెర్నల్ లోపలే కట్టాలి. రూట్‌ని యూయూఐడీతో కాక పార్ట్‌యూయూఐడీతో చెప్పాలి. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ కెర్నల్‌కి తెలియదు కానీ పార్టిషన్ యూయూఐడీ తెలుసు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, ఎల్‌వీఎం (డిస్క్ చోటుని కలిపి పంచే పద్ధతి) ఉన్నా ఇది కుదరదు. నేర్చుకోవడానికి ఒకసారి క్యూఎములో తప్పకుండా చెయ్యి. చదువుకునే లాప్‌టాప్‌లో మాత్రం ఇనిట్‌ఆర్‌డీ ఉంచుకోమనే చెప్తాను.

ఇంకొక్కటి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే నువ్వు చేసిన కెర్నల్‌కి సంతకం లేదని గ్రబ్ దాన్ని ఆపేస్తుంది. అప్పుడు "బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" అని, దాని కిందే "యూ నీడ్ టు లోడ్ ద కెర్నల్ ఫస్ట్" అని వస్తుంది. రెండో లైన్ చూసి ఇనిట్‌ఆర్‌డీ వెంట పడకు, పై లైన్‌తోనే పని.

ఈ రాత్రికి స్ట్రిప్ చేసి మాడ్యూల్స్ మళ్లీ వేసి, కొత్త ఇనిట్‌ఆర్‌డీ సైజు ఎంత వచ్చిందో రాయి. బూట్ కాకపోతే క్వైట్ తీసేసి తీసిన వీడియోలో ఆ మూడు లైన్లలో ఏది ఆఖరుగా కనిపించిందో చెప్పు. పాత కెర్నల్‌ని మాత్రం అప్పటిదాకా తీయకు.